వంగ పచ్చగానే వాడిపోతోంది: నులిపురుగా, బాక్టీరియానా?

మీ ప్రశ్న: లంకలో (గోదావరి పాయల మధ్య దిబ్బ నేలలో) వేసిన వంగ కాపు మొదలయ్యే వేళకు ఆకు పచ్చగా ఉండగానే వాడిపోతోంది, పీకి చూస్తే వేర్లకు బుడిపెలు ఉన్నాయి, ఒకరు నులిపురుగు (నేలలో ఉండే సన్నటి పురుగు, నెమటోడ్) అంటున్నారు, ఇంకొకరు బాక్టీరియా ఎండు తెగులు అంటున్నారు, దేనికి మందు వేయాలి అని.

రెండూ అయి ఉండొచ్చండి. మాకు అలాగే అయింది. ఒకదానికే మందు వేసి ఒక పంట కాలం పోగొట్టుకున్నాను.

రావులపాలెం దగ్గర లంకలో మాకు ముప్పావు ఎకరం ఉంది. వరద తీసి నేల ఆరాక వంగ వేయడం పాత అలవాటు. మూడేళ్ల క్రితం, నాటిన నలభై రోజులకు ఒక చాలులో నాలుగు మొక్కలు మధ్యాహ్నం తలలు వాల్చాయి, సాయంత్రానికి లేచాయి. ఎండకేలే అనుకున్నాను. మూడో రోజుకి లేవలేదు. పసుపు లేదు, మచ్చ లేదు, ఉడకేసిన తోటకూరలా వేలాడాయి. మందుల షాపులో అడిగితే రాగి మందు, యాంటీబయాటిక్ పొడి ఇచ్చారు. మొదళ్లలో పోశాం. వారం తర్వాత మళ్లీ పోశాం. ఇంజన్ నీళ్లు పారే దారి వెంటే మొక్కలు వరసగా పడిపోయాయి.

నాన్నగారు వచ్చి, "పీకి చూస్తే ఏం తెలుస్తుందిరా, బుడిపెలన్నీ మట్టిలోనే తెగిపోతాయి" అని పారతో మట్టి పెల్ల పళంగా ఒక మొక్కను లేపి బకెట్ నీళ్లలో ముంచారు. మట్టి కరిగాక చూస్తే వేర్లు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉన్నాయి. అది వేరుముడి నులిపురుగు. (పెసర, బొబ్బర వేర్ల బుడిపెలు చూసి భయపడకండి. అవి నత్రజని పట్టే మంచి బాక్టీరియా ఇళ్లు, గోటితో గీకితే ఊడి వస్తాయి. నులిపురుగు ముడి ఊడదు, వేరే ఉబ్బిపోతుంది.)

మరి బాక్టీరియా సంగతి? దానికి గాజు గ్లాసు చాలు. వాడుతున్న మొక్క కాండాన్ని నేలకు దగ్గరగా కోసి, రెండు అంగుళాల ముక్కను తేట నీళ్ల గ్లాసులో కోసిన వైపు మునిగేలా కదలకుండా పట్టుకోండి. రాల్‌స్టోనియా అనే బాక్టీరియా ఉంటే కొన్ని నిమిషాల్లో పాల దారాల్లాంటివి కిందికి జారతాయి. మా గ్లాసులో అగరొత్తి పొగ తలకిందులుగా దిగినట్టు దిగింది. శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులులో ఇలా కారదు.

ఈ రెండిటికీ లింకు ఎక్కడంటే, ఈ బాక్టీరియా ఎక్కువగా వేరు మీది గాయంలోంచే లోపలికి పోతుంది. ఆ గాయాలు చేసేది నులిపురుగు. పిల్ల పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి ఆనదు. సూదిలాంటి నోటితో వేరు కొన దగ్గర దూరి, లోపల కొన్ని కణాలను ఉబ్బించి వాటి మీదే బతుకుతుంది. వెచ్చటి నేలలో నెల తిరిగేసరికి ఒక తరం, ఒక్కో ఆడపురుగుకు వందల గుడ్లు. బాక్టీరియా ఆ సందుల్లోంచి నీటి నాళాల్లో చేరి, పెరిగి, జిగురుతో వాటిని మూసేస్తుంది. ఆకు పచ్చగా ఉండగానే వాడేది అందుకే: జబ్బు ఆకులో లేదు, నీళ్లు పైకి రావడం లేదు. బాక్టీరియాను తట్టుకునే అర్క నిధి, అర్క కేశవ్ లాంటి రకాలు ఉన్నాయి, మంచివే. కానీ నులిపురుగు నిండిన నేలలో తట్టుకునే రకమూ లొంగిపోవచ్చు. ఉత్తరాది గోధుమలో 'తుందు' అనే తెగులైతే మరీ విచిత్రం, నులిపురుగు మోసుకెళ్తే తప్ప అక్కడి బాక్టీరియా మొక్కను పట్టలేదు.

అలాగని నేలలోని నులిపురుగులన్నిటినీ చంపే పని పెట్టుకోకండి. చాలా రకాలు బాక్టీరియాను తిని బతికేవే. తిన్నదాంట్లో మిగిలిన నత్రజనిని అవి విసర్జిస్తే మన మొక్కే తీసుకుంటుంది. పురుగు మందు గుళికలు చల్లితే వాటికీ దెబ్బే. అవీ పూర్తిగా సాధువులు కావులెండి. సాల్మొనెల్లా లాంటి మనిషి జబ్బుల బాక్టీరియా కొన్ని పురుగుల పొట్టలో చావకుండా ప్రయాణిస్తుందని ప్రయోగాల్లో తేలింది. పచ్చి పేడ ఆకుకూర మళ్లలో వేయవద్దనడానికి అదీ ఒక కారణం.

మా తప్పు నారుమడిలో దొరికింది. నీళ్లు దగ్గరని ఏటా ఒకే మూల నారు పోశాను. అంటే ముడులున్న నారును నేనే తోటంతా నాటాను. లంక పొగాకు రోజుల్లో నారుమడి మీద ఊక పోసి నెమ్మదిగా కాల్చేవారట, మా తాత సంగతి నాన్నగారు అప్పుడు చెప్పారు. నేను మే ఎండల్లో మడి తడిపి, అవతలిది కనిపించే పల్చటి పాలిథీన్ కప్పి, అంచులు మట్టితో మూసి ఆరు వారాలు ఉంచుతున్నాను. జబ్బు మొక్కలను మట్టితో సహా గోనెలో ఎత్తి బయట కాల్చాం. ఆ చాళ్లలోంచి మిగతా చాళ్లకు నీళ్లు పారకుండా గట్టు వేశాం. మీరు ఇప్పుడు, ఈ రోజే చేయాల్సింది ఇదే. వాడిన మొక్కను ఏ మందూ లేపదు.

తర్వాతి ఏడాది నర్సరీల ఊరు కడియం నుంచి బంతి నారు తెచ్చి ఆ చెక్కలో వేశాం. బంతి వేరు నులిపురుగును తగ్గిస్తుంది, బాక్టీరియాను ఆపుతుందని మాత్రం అనుకోకండి. కాలవ కింద భూమి ఉంటే వరి ఇంకా మేలు, నెలల తరబడి నిలిచే నీళ్లలో వంగను పట్టే వేరుముడి పురుగు బాగా తగ్గుతుంది. లంకలో మాకు ఆ వీలు లేదు. పోయినేడు ఉస్తి (వంగ జాతికే చెందిన అడవి మొక్క) మొదలు మీద అంటుగట్టిన వంగ రెండు వందలు తెచ్చి అదే చోట నాటాను. ధర ఎక్కువే, కానీ చచ్చినవి పది దాటలేదు.

మట్టి ల్యాబుకు ఇవ్వాలనుకుంటే మొక్క మొదట్లో జానెడు లోతు నుంచి తడి మట్టి, కాసిని వేర్లతో సహా కవర్లో కట్టి, నీడపట్టున ఉంచి అదే రోజు ఇచ్చేయండి. చాలాచోట్ల బతికున్న పురుగు మట్టిలోంచి నీళ్లలోకి దిగితేనే లెక్కపెడతారు. నా మొదటి కవరు ఒక మధ్యాహ్నమంతా బండి డిక్కీలో ఎండకు ఉంది. నులిపురుగులు లేవని రిపోర్టు వచ్చింది. ఉన్నవన్నీ డిక్కీలోనే ఉడికిపోయాయి మరి.