విగ్రహం నిలిచింది, పాప చెదిరింది

ప్రశ్న: మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది. మొన్న ఆడిటోరియంలో తరంగం చేస్తుంటే కెనాన్ క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, 55-250 ఐఎస్ (స్టెబిలైజేషన్ ఉన్న) లెన్సుతో ఫొటోలు తీశాను. 250 దగ్గర ఎఫ్5.6 (లెన్సు ద్వారం), షట్టర్ సెకనులో 1/40, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందన) 1600. స్టెబిలైజేషన్ ఆన్‌లోనే ఉంది. అయినా పాప చేతులు, జడ చెదిరిపోయాయి. ఐఎస్ఓ ఇంకా పెంచితే నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) వస్తుందని భయం. లెన్సు పాడైందా? బాడీలోనే స్టెబిలైజేషన్ ఉన్న మిర్రర్‌లెస్ కెమెరా కొనమని మావాళ్లు అంటున్నారు. కొనమంటారా?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: లెన్సు నిక్షేపంగా ఉందమ్మా. మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. పాపకు పక్కగా ఉన్న నటరాజ విగ్రహం చూడండి. మెడలోని బంతిపూల దండలో రేకులు సైతం లెక్కపెట్టొచ్చు. మీ చెయ్యి వణికి ఉంటే విగ్రహం కూడా చెదరాలి కదా! మీ కెమెరాది చిన్న సెన్సర్ కాబట్టి 250ని 1.6తో గుణిస్తే 400. అంటే మామూలుగా చేత్తో పట్టుకుని తీయడానికి 1/400 అయినా కావాలి. మీ లెన్సు 1/40కే నిలబెట్టింది. తన పని తాను చేసింది.

స్టెబిలైజేషన్ ఆపేది మీ చేతి వణుకునే. పళ్లెం అంచుల మీద నిలబడి అడుగులేస్తున్న పిల్లను ఏ లెన్సూ ఆపలేదు. బాడీలో పెట్టినా అంతే. కొనికా మినోల్టా 2004లో తన 7డీ కెమెరాలో తెచ్చినప్పటి నుంచి ఇవాళ్టి వరకు ఎన్ని స్టాపులు (ఒక్కో స్టాపు అంటే రెట్టింపు) పెరిగినా ఆ సంగతి మారలేదు. చీకటి పడ్డాక గోపురం తీయడానికి భేషుగ్గా పనికొస్తుంది. నాట్యానికి కాదు.

నాట్యానికి కావాల్సింది షట్టర్ వేగం. ఐఎస్ఓ 6400 చేయండి, అదే వెలుతురులో 1/160 వస్తుంది. నాయిస్ ఉంటుంది, నిజమే. 8×12 ప్రింటు వేయించి చేత్తో పట్టుకుని చూడండి, ఎంతమంది కనిపెడతారో! కంప్యూటర్లో వంద శాతం జూమ్ చేసి బెంగపడటం మనకో జబ్బు. 1600 దగ్గరే ఆగి చీకటిగా తీసి, ఇంటికొచ్చాక వెలుగు పెంచితే నీడల్లో అదే నాయిస్, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా, బయటపడుతుంది. అసలు లోటు వెలుతురుది. రా ఫార్మాట్‌లో (కెమెరా దిద్దని అసలు ఫైలుగా) తీస్తే తర్వాత నాయిస్ తగ్గించుకోవచ్చు. చెదిరిన చేతిని మాత్రం బాగు చేయలేం.

ఇంకోటి. వెనక నల్ల తెర ఉంది కాబట్టి కెమెరా మోసపోయి పాప ముఖాన్ని తెల్లగా మాడ్చేసింది. ఫొటో వెలుగును సర్దే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 1 పెట్టండి. ముఖం బాగుంటుంది, 1/160 కాస్తా 1/320 అవుతుంది. పైసా ఖర్చు లేదు.

జతులు ఈపాటికి మీకూ కంఠతా వచ్చేసి ఉంటాయి. తీర్మానం (జతి ముగింపు) చివర పాప ఒక్క క్షణం భంగిమలో ఆగుతుందే, అప్పుడు నొక్కండి. ఆ క్షణానికి 1/125 అయినా చాలు. ఈ సౌకర్యం బయటినుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్‌కి ఉండదు.

డబ్బు పెట్టాలనే ఉంటే 85 ఎంఎం ఎఫ్1.8 లెన్సు చూడండి. స్టెబిలైజేషన్ లేదని భయపడకండి, మీ 5.6 కన్నా మూడు స్టాపులకు పైగా వెలుతురు లోపలికి వస్తుంది. అదే 1600లో 1/320 దొరుకుతుంది. కాకపోతే ముందు వరసలో సీటు సంపాదించాలి. కొనేముందు ఒకరోజు అద్దెకు తెచ్చి, రిహార్సల్లో తీసి చూసుకోండి.