లైబ్రరీ పీరియడ్ నా నెత్తిన పడింది, ఏం చెయ్యను?

ప్రశ్న: నమస్తే సార్. మాది ఒడిశాలో గుణుపూర్. ఎవరైనా టీచర్ లీవ్ పెడితే చుట్టుపక్కల ప్రైమరీ స్కూళ్లకి నన్ను పిలుస్తుంటారు. వెళ్లేసరికి "ఇవాళ లైబ్రరీ పీరియడ్ మీదే" అని బీరువా తాళం చేతిలో పెడతారు. మూడు నుంచి ఐదు తరగతులు ఒకే గదిలో, ఇంట్లో కొందరిది తెలుగు, కొందరిది సవర, బడిలో మాత్రం ఒడియా. మొన్న పుస్తకాలు పంచేస్తే పది నిమిషాల్లో గది సంతైపోయింది, రెండు పుస్తకాలు చిరిగాయి, చివాట్లు నాకు పడ్డాయి. ముందుగా ఏమీ తయారవకుండా నలభై నిమిషాలు ఎలా నడపాలి?

జవాబు: అమ్మా, చివాట్ల సంగతి వదిలెయ్యండి. పుస్తకాలు వాడడానికే అని మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కైన రంగనాథన్ గారు 1931లోనే మొదటి సూత్రంగా రాసిపెట్టారు, మనవాళ్లేమో ఇంకా తాళం వేసి దాస్తున్నారు. కానీ బీరువా మొత్తం ఒక్కసారి పంచకండి, తప్పు అక్కడే జరిగింది.

ముందు ఒక్క పుస్తకం తీసి తలకిందులుగా పట్టుకుని, వెనక అట్ట దగ్గర్నుంచి చాలా సీరియస్‌గా చదవడం మొదలెట్టండి. మూడో తరగతి గుంటలు ఊరుకోరు, మేడమ్ తిరగేసి పట్టుకున్నారు అని గోల చేస్తారు, మరైతే ముందేది, పేరెక్కడుంది, బొమ్మలేసినవాళ్ల పేరెక్కడుంది అని మీరు తెలీనట్టు అడుగుతూ పోవడమే, పాఠం వాళ్లే చెప్పేస్తారు. తర్వాత ఆ కథే గట్టిగా చదవండి. సగంలో ఆపి, తర్వాతేమవుద్దో ఎవరి భాషలో వాళ్లని చెప్పనివ్వండి, సవరలో చెప్తే పక్కపిల్లాడు మీకు తెలుగు చేస్తాడు. ఇదేం కొత్త సంగతి కాదు, మన పక్కనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని ఆ పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు కదా.

ఒడియా పుస్తకం, తెలుగు పుస్తకం పక్కపక్కన పెట్టి చూపిస్తే ఇంకా సరదా. ఒడియా 'ఠ' చూసి మా దగ్గర ఒక పిల్ల "సార్ సున్నా!" అంది, నిజమే, అచ్చం మన సున్నాలాగే గుండ్రంగా ఉంటది. ఒడియాలో కథని గపొ అంటారు, మనమేమో గప్పాలు కొట్టకురా అంటాం, ఆ ఒక్కమాట మీద పావుగంట నడిచింది నాకు. రెండు భాషల్లో ఒకే కథ దొరక్కపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఫ్రీగా దించుకోవచ్చు, సిగ్నల్ ఉన్నప్పుడే రెండు మూడు ఫోన్లో పెట్టుకోండి.

ఐదో తరగతి వాళ్లకి వేరే పని ఇవ్వండి. ఓ ఇరవై పుస్తకాలు నేలమీద పరిచి కథలు ఒకవైపు, నిజం విషయాలు ఒకవైపు పెట్టమనండి. కాకి మాట్లాడితే ఎటు, కాకి గూడు కడితే ఎటు అని కొట్టుకుంటారు, కొట్టుకోనివ్వండి. పెద్ద లైబ్రరీల్లో పక్షుల పుస్తకాలకి 598 అని నెంబరుంటుందని అప్పుడు చెప్తే నోరెళ్లబెట్టి వింటారు.

ఇక చదువుకోడానికి ఇచ్చేటప్పుడు ఇద్దరికొకటి చాలు. ఒక పేజీలో తెలీని మాటకల్లా ఒక వేలు ముడవమనండి, ఐదు వేళ్లూ ముడుచుకుపోతే అది ఇప్పుడు కష్టం, ఇంకోటి తీసుకోవాలి. చిరగకుండా, కలిసిపోకుండా ఉండాలంటే పాత శుభలేఖలు నిలువుగా కోసి ఒక్కో ముక్క మీద పిల్లల పేర్లు రాయించండి, పుస్తకం తీసినచోట ఆ అట్టముక్క పెట్టాలి, తిరిగి అక్కడే సర్దాలి. బెల్లుకి ఐదు నిమిషాల ముందే లెక్కపెట్టుకోండి, బెల్లు కొట్టాక మన మాట ఎవడూ వినడు. కథ ఏ పేజీలో ఆపారో చీటీ రాసి పుస్తకంలోనే పెట్టి వచ్చెయ్యండి, లీవులో ఉన్న టీచర్ వచ్చాక పిల్లలు ఆవిడ్ని వదలరు.