బలం ఉన్నా పడని ప్రభుత్వం

ప్రశ్న: 2008లో కెనడాలో ప్రతిపక్షాలకు మెజారిటీ ఉన్నా ప్రధాని హార్పర్ ప్రభుత్వం ఎందుకు పడలేదు?

జవాబు: అప్పట్లో దిగువ సభలో 308 స్థానాలు, మెజారిటీకి 155 కావాలి. హార్పర్ పార్టీకి వచ్చినవి 143. కూటమి కట్టిన లిబరల్స్ 77, ఎన్‌డీపీ (న్యూ డెమోక్రటిక్ పార్టీ) 37 కలిస్తే 114 మాత్రమే. బయటి నుంచి క్యూబెక్ ప్రాంతీయ పార్టీ బ్లాక్ కెబెక్వా సభ్యులు 49 మంది మద్దతిస్తామనడంతో లెక్క 163కు చేరింది.

డిసెంబర్ 8న అవిశ్వాసంపై ఓటింగ్ జరగాలి. 4వ తేదీనే ప్రధాని సలహాపై రాజ ప్రతినిధి అయిన గవర్నర్ జనరల్ మికాయెల్ జాన్ సభను ప్రొరోగ్ చేశారు. ఓటమి తప్పదని తెలిశాక ఇలాంటి సలహా ఇవ్వడం తప్పే. ప్రొరోగ్ అంటే ఆ విడత సమావేశాలను ముగించడం, సభను రద్దు చేయడం కాదు. సభ్యత్వాలు పోవు, ఎన్నికలు రావు. పెండింగ్ తీర్మానాలు మాత్రం మురిగిపోతాయి. అవిశ్వాసం అలాగే పోయింది.

జనవరి 26న సభ తెరిచేనాటికి లిబరల్ నాయకుడు మారారు. కొత్త నేత ఇగ్నాటియెఫ్ బడ్జెట్‌కు మద్దతిచ్చారు. కూటమి చెదిరింది.