ముందు ‘సున్నుండ’ అనిపించు

చిట్టికి మామయ్య ఆశీస్సులు.

వేసవిలో మన ఊళ్లో ముసలివాళ్లకు ఉచితంగా పళ్ల సెట్లు కడతావట, మీ అమ్మ ఫోనులో చెప్పింది. వెంటనే వీధి చివరిదాకా వెళ్లి అందరికీ చెప్పి వచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. వారంలో నలభై సెట్లా? పెసరట్లు అనుకున్నావా?

కొలతలు తీయడం, అచ్చులు పోయడం నీకు నేను చెప్పాలా! పళ్లు కొత్తగా తీయించుకున్నవాళ్లుంటే చిగుళ్లు మానేదాకా ఆపు. నా భయమల్లా దవడల ఎత్తు గురించే, అదే, పళ్లు కరిచినప్పుడు పైదవడకూ కిందిదవడకూ నడుమ ఉండే దూరం.

మీ అమ్మమ్మ మొదటి సెట్టు సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. ల్యాబులో నేనే చేశాను. అమ్మ బుగ్గలు పెళ్లి ఫోటోలో ఉన్నట్టు నిండాలని, డాక్టరు కొలిచి పంపిన ఎత్తు మీద మూడు మిల్లీమీటర్లు పెంచాను. ముడతలు పోయాయి. అమ్మ అద్దం వదల్లేదు. మాట్లాడితే మాత్రం పళ్లు టకటకమనేవి. అలవాటవుతుందిలే అన్నాను. నెల తరవాత పండక్కి వెళితే, విస్తరి ముందు అటు తిరిగి సెట్టు తీసి, కొంగున ముడేసుకుని, పెరుగన్నం మెదిపి మింగుతోంది. ‘‘నువ్వు చేసింది కదురా, ఫోటో తీసేటప్పుడు పెట్టుకుంటాలే’’ అంది. దవడలు పట్టేసి రాత్రిళ్లు మేలుకునేదట. మీ అమ్మకు చెప్పింది, నాకు చెప్పలేదు.

ఊరికే కూర్చున్న మనిషికి పైపళ్లకూ కిందిపళ్లకూ నడుమ రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల సందు ఉండాలి. అమ్మకు ఆ సందు లేకుండా చేసింది నేనే. మళ్లీ కొత్తది చేశాను. ముడతలు కొన్ని తిరిగి వచ్చాయి, అప్పడం నమిలింది.

అందుకే అసలు సెట్టుకు ముందు సరిచూసే మైనం సెట్టు పెట్టగానే అద్దం చేతికివ్వకు. ముందు ‘సున్నుండ’ అనిపించు. ‘స’ పలికేటప్పుడు పళ్లు దగ్గరకు రావాలి, తగలకూడదు. టక్కుమంటే అక్కడే ఎత్తు తగ్గించు. మైనంలో దిద్దుకోవడం సులువు, అక్రిలిక్ ప్లాస్టిక్కు ఉడికాక ఏడ్చినా లాభం లేదు.

ఇంకొకటి. సెట్లు చేతికిచ్చి మర్నాడే బస్సెక్కావంటే ఊరుకోను. మొదటి రోజుల్లోనే చిగుళ్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. అరగదీసి ఇచ్చేవాళ్లు లేకపోతే నీ నలభై సెట్లూ గూళ్లలోకి చేరతాయి. పది చెయ్యి తల్లీ, చాలు. రాత్రి తీసి చన్నీళ్లలో వెయ్యమని ఇంట్లో కోడళ్లకు కూడా చెప్పు, వేణ్నీళ్లలో వేస్తే వంకర పోతాయి.

నా చెయ్యి ఇంకా వణకడం లేదు. అరగదీసే పని నాకు వదిలెయ్యి. భోజనం మనింట్లోనే.

నీ మామయ్య