బీఈడీ చేయించమంటున్నారు, అమ్మాయేమో ఇనుము మీద రీసెర్చ్ అంటోంది

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. 'స్పిన్ క్రాసోవర్' అనే ఇనుము పదార్థాల గురించి క్లాసులో విన్నప్పటి నుంచి వాటి మీదే పీహెచ్‌డీ చేస్తానంటోంది. వేడి చేస్తే రంగు మారతాయట. బంధువులు బీఈడీ చేయించమంటున్నారు. ఈ సబ్జెక్టుకు ఉద్యోగాలు ఉంటాయా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, ఉద్యోగం సంగతికి వస్తాను. ముందు మీ అమ్మాయిని అంతగా పట్టేసిందేమిటో చెప్తాను.

ఈ పదార్థాల్లో చాలావాటిలో ఒక్కో ఇనుము అయాన్ చుట్టూ ఆరు నైట్రోజన్లు ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు ఇనుములోని ఆరు డి-ఎలక్ట్రాన్లు మూడు జంటలుగా సర్దుకుంటాయి. దీన్ని లో స్పిన్ అంటారు. వేడి తగిలితే వాటిలో రెండు పై మెట్టు ఎక్కుతాయి, నాలుగు ఎలక్ట్రాన్లు ఒంటరిగా మిగులుతాయి. అది హై స్పిన్. ఈ మార్పునే స్పిన్ క్రాసోవర్ అంటారు. అప్పుడు అయస్కాంతం దాన్ని లాగుతుంది. ఇనుముకు నైట్రోజన్‌కు మధ్య దూరం కూడా దాదాపు 2.0 నుంచి 2.2 ఆంగ్‌స్ట్రామ్‌లకు పెరుగుతుంది. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు.

అంత చిన్న తేడాతో ఏమవుతుంది అనిపిస్తుంది. కిక్కిరిసిన గుంటూరు బస్సులో ఒకాయన కాస్త మోకాళ్లు చాపితే వరస మొత్తం సర్దుకోవాల్సి వస్తుంది కదా! స్ఫటికంలోనూ అంతే. ఒక అణువు ఉబ్బితే పక్కదాన్ని నెడుతుంది, అది ఇంకోదాన్ని నెడుతుంది. కొన్ని స్ఫటికాల్లో అణువుల అమరికే మారిపోతుంది. ఒక్కోసారి స్పిన్, అమరిక రెండూ ఒకేసారి మారతాయి, ఒక్కోసారి వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర మారతాయి. ఏది దేన్ని కదిలిస్తోందో తేల్చడం చిన్న పని కాదు. మీ అమ్మాయి ఆలోచిస్తున్నది దీని గురించే అయితే, అది గట్టి ప్రశ్నే.

ట్రయజోల్ అనే సేంద్రియ పదార్థంతో చేసిన ఒక ఇనుము సమ్మేళనం మామూలుగా ఊదా రంగులో ఉంటుంది. దాదాపు 112 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెల్లబడుతుంది. తిరిగి చల్లార్చితే 112 దగ్గర ఊదా రంగుకు రాదు, సుమారు 72 వరకు తెల్లగానే ఉంటుంది. ఈ మధ్యలో 90 డిగ్రీల దగ్గర అది ఏ రంగులో ఉందో చూస్తే, వేడెక్కుతూ వచ్చిందో చల్లారుతూ వచ్చిందో చెప్పేయవచ్చు. ఇలా ముందు జరిగింది గుర్తుంచుకుంటుంది కాబట్టే మెమరీ పరికరాలకు, సెన్సర్లకు పనికొస్తుందని వీటి మీద పరిశోధన సాగుతోంది.

ఇక ఉద్యోగాలు. 'స్పిన్ క్రాసోవర్ తెలిసినవాళ్లు కావాలి' అని ఏ కంపెనీ ప్రకటన వేయదు. కానీ ఆ పని చేస్తూ ఆమె ఎక్స్‌రేలతో స్ఫటికాన్ని చదవడం నేర్చుకుంటుంది. ఒకే మందు రెండు రకాల స్ఫటికాలుగా ఏర్పడితే రెండూ ఒకేలా కరగవు. అందుకే మందుల కంపెనీలకు ఈ విద్య అవసరం, హైదరాబాద్‌లో ఆ పరిశ్రమ ఎంత పెద్దదో మీకు తెలిసిందే. నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష పాసైతే డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే దారీ ఉంటుంది. బీఈడీకి ఇప్పుడే తొందరపడవద్దని నా మాట. రెండేళ్లు కెమిస్ట్రీకి దూరమైతే మళ్లీ అందుకోవడం కష్టం. టీచింగే కావాలనుకుంటే ఎమ్మెస్సీ తర్వాతైనా చేయవచ్చు.

ఇప్పుడు ఆమె దృష్టి పెట్టాల్సింది జామ్ పరీక్ష మీద. దాంతో ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటు వస్తుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ రాయాలి. రెండూ కుదరకపోతే ఏపీ పీజీసెట్ రాసి నాగార్జున యూనివర్సిటీలో చేరవచ్చు, అక్కడి నుంచీ నెట్ రాయవచ్చు. క్రిస్టల్ ఫీల్డ్ సిద్ధాంతం, థర్మోడైనమిక్స్ మాత్రం ఆమెకు కొట్టిన పిండి కావాలి. వేడికి హై స్పిన్ ఎందుకు గెలుస్తుందన్న దానికి జవాబు ఎంట్రోపీలో, అంటే అణువులు ఎన్ని రకాలుగా ఉండగలవో చెప్పే లెక్కలో ఉంది. నెట్‌లో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన 42,000 రూపాయలు ఇస్తారు. పీహెచ్‌డీకి అయిదేళ్లు, ఒక్కోసారి ఆరేళ్లు పడుతుంది. పెళ్లి మాట ఇంట్లో వస్తుంది కాబట్టి ఈ లెక్క ఇప్పుడే అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

ఇంకొకటి, ఆమె ఓపిక. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేను సన్నటి గాజు గొట్టంలో ఒక ద్రావణం మీద ఇంకోటి పొరలా పోసి మూడు వారాలు కదపకుండా ఉంచాను. ఆవగింజలో సగం కూడా లేని ఒక్క స్ఫటికం వచ్చింది. దాన్ని సూది మొనతో నూనెలోకి తీసి, చల్లటి నైట్రోజన్ గాలిలో పెట్టాం. చల్లబడుతుంటే అమరిక మారే ఉష్ణోగ్రత దగ్గర అది నిలువునా పగిలింది. మళ్లీ మొదటి నుంచి మూడు వారాలు. ఇది చదివి వినిపించి, ఆమె ముఖం చూడండి. 'అయితే ఇంకాస్త నెమ్మదిగా చల్లార్చాల్సింది' అంటే నిశ్చింతగా పంపండి.

జామ్ దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరులో మొదలవుతాయి. మీరు ఓబీసీ కిందికి వస్తే నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలోనే ఉండాలి. చివరి నిమిషంలో పరుగులు పెట్టకుండా మీ వార్డు సచివాలయంలో ముందే అడిగి పెట్టుకోండి.