పెద్ద కుక్క గుర్రుమన్నందుకు కొట్టకండి

మాది విజయనగరం. పది రోజుల క్రితం మావారు నన్ను గాని, అత్తయ్యగారిని గాని అడగకుండా రెండు నెలల జాక్ రస్సెల్ టెర్రియర్ జాతి కుక్కపిల్లను తెచ్చారు. ఇంట్లో ఇప్పటికే తొమ్మిదేళ్ల నాటు కుక్క, ఒక పిల్లి, పెరట్లో అయిదారు కోళ్లు ఉన్నాయి. ఈ కుక్కపిల్ల పిల్లిని నిలవనివ్వదు. కనకాంబరాల మడి తవ్వేసింది. సాయంత్రమైతే మా ఏడేళ్ల బాబు చేతులు కొరుకుతుంది. నిన్న పెద్ద కుక్క దాని మీద గుర్రుమంటే మావారు కర్రతో కొట్టారు, నేను అడ్డం వెళ్లాను. అప్పటి నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. అత్తయ్యగారేమో ‘అది ఉంటే నేను చిన్నవాడి ఇంటికి వెళ్లిపోతాను’ అంటున్నారు. తిరిగి ఇచ్చేయమంటారా?
— ఒక సోదరి

అమ్మా, అప్పుడే ఇవ్వకండి. ముందు ఒక మాట: మీరు కర్రకు అడ్డం వెళ్లడం చాలా మంచి పని. గుర్రుమనడం తప్పు కాదు. ‘నేను పడుకున్నాను, నా మీద ఎక్కకు’ అని ఆ ముసలి ప్రాణం చెప్పగలిగింది అంతే. దెబ్బలకు భయపడి గుర్రుమనడం మానేసిన కుక్క రేపు హెచ్చరించకుండానే కరవవచ్చు. అది గుర్రుమన్నప్పుడు చేయవలసిందల్లా కుక్కపిల్లను అక్కడి నుంచి ఎత్తుకుపోవడమే. తొమ్మిదేళ్ల వయసులో కీళ్ల నొప్పులు ఉండవచ్చు కాబట్టి పశువైద్యుడికి ఒకసారి చూపించండి. దానికి కుక్కపిల్ల రాలేని ఒక మూల ఇవ్వండి, తిండి వేరుగా పెట్టండి, రోజూ కాసేపు దాన్ని ఒక్కదాన్నే మీతో నడిపించండి. అడగకుండా ఇంటికి కొత్త మనిషి వస్తే మీకు ఎలా ఉందో, దానికీ అలాగే ఉంది.

ఇక కుక్కపిల్ల సంగతి. లాటిన్‌లో నేలను టెర్రా అంటారు, టెర్రియర్ అన్న పేరు అక్కడిదే. ఇంగ్లండులో 19వ శతాబ్దంలో జాన్ రస్సెల్ అనే మతబోధకుడు బొరియల్లో దాక్కునే నక్కల వేట కోసం పెంచిన జాతి ఇది. మడి తవ్వడం దాని పుట్టుకలోనే ఉంది. కాబట్టి తవ్వవద్దని అరవడం కన్నా తవ్వుకోవడానికి చోటివ్వడం మేలు. పెరట్లో ఒక మూల నాలుగు తట్టల ఇసుక పోసి, అందులో రెండు ఉడికిన మాంసం ముక్కలు దాచి చూడండి. మూతి నిండా ఇసుకతో, తోక నిలబెట్టి అరగంట వెతుకుతుంది. ఆ పని దొరికిన రోజు కనకాంబరాల జోలికి పోవడం తగ్గుతుంది.

అలాగని పరుగులు పెట్టించి అలసిపోయేలా చేయాలని చూడకండి. వయసు ఎన్ని నెలలైతే, నెలకు అయిదు నిమిషాల చొప్పున నడక అని పెంపకందార్లు ఒక మోటు లెక్క చెబుతారు. ఈ వయసుకు పెరట్లోనే పది నిమిషాలు, రెండు పూటలా, చాలు. ఎముకలు ఇంకా లేతవి. రోజుకు 18 గంటలదాకా నిద్ర కావాలి. సాయంత్రం బాబు చేతులు కొరకడానికి ఒక కారణం చాలినంత నిద్ర లేకపోవడం కావచ్చు. మధ్యాహ్నం చీకటి గదిలో పడుకోబెట్టండి. ఒకటి మాత్రం మరవకండి: పంటి గాటు పడితే, రక్తం రాకపోయినా, 15 నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లండి. దానికి ఇంకా రేబిస్ టీకా పడే వయసు రాలేదు.

టీకాలన్నీ పూర్తయ్యేవరకు వీధికుక్కలు తిరిగే నేల మీద దింపకండి. కానీ లోకాన్ని చూపించడం ఆపవద్దు, 14 వారాల లోపు చూసి అలవాటు పడినవాటికి అది పెద్దయ్యాక భయపడటం తక్కువ. మీవారిని పొద్దున్నే దాన్ని ఒళ్లో పెట్టుకుని అయ్యకోనేరు గట్టు మీద కూర్చోమనండి. ఆటో వెళ్లినప్పుడల్లా ఒక చిన్న ముక్క. గంటస్తంభం దగ్గర రద్దీ, బడిపిల్లల అల్లరి కూడా దూరం నుంచి చూపించాలి. దసరా తర్వాతి మంగళవారం సిరిమానోత్సవానికి డప్పులు మోగినప్పుడు, దీపావళికి బాణసంచా పేలినప్పుడు మంచం కింద వణక్కుండా ఉండటానికి ఇదే దారి.

పిల్లికీ దీనికీ వారం రోజులు జాలీ తలుపు అడ్డం ఉంచండి. ఒకదాని గుడ్డ మరొకదానికి వాసన చూపించండి. తర్వాత ఇంట్లోనూ తాడు కట్టి, పిల్లి నుంచి చూపు మరల్చిన ప్రతిసారీ మెచ్చుకోండి. పిల్లికి అటక మీద ఒక పాత దుప్పటి వేయండి. కోళ్ల విషయంలో మాత్రం ఎప్పటికీ నమ్మవద్దు, గట్టి వల కట్టించండి. పెరట్లో పందికొక్కులు ఉంటే ఎలుకల మందు పెట్టవద్దు. ఎలుకల ఉచ్చ వల్ల సోకే లెప్టోస్పైరా జబ్బుకు టీకా గురించి వైద్యుణ్ని అడగండి.

అత్తయ్యగారి కోపం న్యాయమైనదే. దేవుడి గదికి, వంటగదికి అడ్డు పెట్టి, ఆవిడకు దీని పని ఒక్కటి కూడా చెప్పకండి. ఉచ్చ తుడవడం, నడిపించడం తెచ్చినవారి వంతు. ఇది మీవారికి నేరుగా చెప్పలేకపోతే ఈ జవాబు చదవమనండి.

నెల రోజులు ఇలా చేశాక కూడా పెద్ద కుక్క తిండి మానేసినా, పిల్లి అటక దిగకపోయినా, పెరడున్న మరో ఇంటికి దీన్ని ఇవ్వండి. ఇచ్చే ముందు నాకు ఒక ఉత్తరం రాయండి.