పిలిచేది ట్యూటరుగా, చేయించేది ఆయా పని

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నందువల్ల మిగిలినవాటిని వచ్చే సంచికకు ఉంచి వీటికే చోటిచ్చాము.

ప్రశ్న: నేను ఎం.ఏ. ఇంగ్లీషు, బీఈడీ చేసి, కర్నూలులో ఒక ప్రైవేటు స్కూల్లో ఏడేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. జీతం నెలకు 19,000 రూపాయలు. దుబాయిలో ఒక అరబ్బు కుటుంబానికి, ఇంట్లోనే ఉండి ముగ్గురు పిల్లలకు ఇంగ్లీషు నేర్పే ట్యూటరు కావాలని, బంధువుల ద్వారా పరిచయమైన ఒక ఏజెంటు వాళ్ల షరతులను వాట్సాప్‌లో పంపాడు. జీతం 2,000 దిర్హాములు, భోజనం, వసతి వాళ్లవే. పిల్లల వయసు మూడు, ఏడు, పదకొండు. ఉదయం ఆరింటికి వాళ్లను లేపి స్కూలుకు తయారు చేయడం మొదలుకొని రాత్రి తొమ్మిదిన్నరకు ఇంగ్లీషు కథ చదివి పడుకోబెట్టేదాకా నేను వెంటే ఉండాలట. భోజనాల దగ్గర కూడా ఇంగ్లీషులోనే మాట్లాడించాలట. నాకు బ్రిటిష్ యాస ఉండాలని, ఆరు నెలల్లో పెద్దబ్బాయి ఇంగ్లండు పిల్లల్లాగా మాట్లాడాలని రాశారు. మొదటి నెల జీతం ఉండదు. విజిట్ వీసా మీద వస్తే, నచ్చాక వీసా మారుస్తారట. పాస్‌పోర్టు, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంచాలి. ఏజెంటు 1,20,000 రూపాయలు అడుగుతున్నాడు. వాళ్లు ఆశించినంత నేను చేయలేనేమోనని భయంగా ఉంది. వెళ్లవచ్చునా? – ఒక ఉపాధ్యాయిని, కర్నూలు

జవాబు: మీరు చివర్లో రాసిన భయంతోనే మొదలుపెడతాను. ఏడేళ్లుగా తరగతి గదిలో నిలబడి పాఠం చెబుతున్న మీరు వాళ్ల పనికి తూగుతారా అన్న అనుమానం నాకు లేదు. వాళ్లు అడుగుతున్న పనికి వాళ్లిస్తామంటున్న జీతం తూగుతుందా అన్నదే చూడవలసిన సంగతి.

ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిదిన్నర అంటే పదిహేనున్నర గంటలు. అందులో కూర్చోబెట్టి పాఠం చెప్పేది మహా అయితే మూడు గంటలు. మిగిలినదంతా లేపడం, తయారు చేయడం, తినిపించడం, పెద్దవాళ్లిద్దరూ స్కూలుకు వెళ్లిన పూట మూడేళ్ల బిడ్డను ఆడించడం. ఆయా పనిని ఇంగ్లీషులో చేయిస్తే అది ట్యూషను అయిపోతుందని ఆ ఇంటివారు నిజంగానే నమ్ముతూ ఉండవచ్చు, కానీ ఆ నమ్మకానికి ధర కట్టవలసినది మీరు కాదు. ఒక దిర్హాము సుమారు 23 రూపాయలనుకుంటే మీ జీతం నెలకు 46,000 రూపాయలు అవుతుంది. వారానికొక సెలవు ఇస్తారనుకుని నెలకు 26 రోజులు లెక్కవేసినా మీరు పనిలో ఉండేది 403 గంటలు, అంటే గంటకు 114 రూపాయలు. ఇప్పుడు స్కూల్లో నెలకు 200 గంటలు పని చేస్తున్నారనుకుంటే మీకు గంటకు 95 రూపాయలు పడుతోంది. తిండి, వసతి ఖర్చు మిగులుతుందన్న మాట నిజమే అయినా, ఇల్లూ వాకిలీ వదిలి సముద్రం దాటినందుకు గంటకు అదనంగా వచ్చేది పంతొమ్మిది రూపాయలని తెలుసుకుని నిర్ణయం తీసుకోవడం మంచిది. ఏజెంటు అడుగుతున్న సొమ్ము రెండున్నర నెలల జీతం. జీతం లేని మొదటి నెలను కూడా కలిపితే మూడున్నర నెలల కష్టం పోయాకే మీ చేతికి మిగలడం మొదలవుతుంది.

ఇక చట్టం సంగతి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఇంటి పనివారి కోసం 2022లో తెచ్చిన చట్టం కిందికి వచ్చే వృత్తుల జాబితాలో వంటవారు, డ్రైవర్లు, ఆయాలతో పాటు ఇంట్లో చదువు చెప్పే ప్రైవేటు ట్యూటరు కూడా ఉన్నారు. ఎం.ఏ. చదివి ఈ జాబితాలో చేరడమేమిటని మీకు మనసు చివుక్కుమనవచ్చు గాని, మీకు అండగా నిలిచేది కూడా అదే. ఆ చట్టం ప్రకారం రోజుకు కనీసం పన్నెండు గంటల విశ్రాంతి ఇవ్వాలి, అందులో ఎనిమిది గంటలు వరుసగా ఉండాలి. వారానికొక రోజు సెలవు, ఏడాదికి ముప్పై రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. పాస్‌పోర్టు, గుర్తింపు పత్రాలు పనిచేసే మనిషి దగ్గరే ఉండాలి. ఉద్యోగంలోకి తీసుకోవడానికయ్యే ఖర్చును ఆ మనిషి నుంచి వసూలు చేయకూడదు. వాళ్లు పంపిన టైమ్‌టేబుల్‌లో మీకు మిగిలే విశ్రాంతి ఎనిమిదిన్నర గంటలే కాబట్టి, అది కాగితం మీదే చట్టానికి విరుద్ధంగా ఉంది. ఆరు నెలల దాకా ప్రొబేషను పెట్టుకునే వీలు చట్టంలో ఉన్నమాట వాస్తవమే, అయితే ప్రొబేషనుకు కూడా జీతం ఇవ్వవలసిందే. పైగా 2023 ఏప్రిల్ నుంచి ఇంటి పనివారిలో కొన్ని వృత్తుల వారికి జీతాన్ని ప్రభుత్వం పర్యవేక్షించే విధానం ద్వారానే చెల్లించాలన్న నిబంధన వచ్చింది. ఆ వృత్తుల్లో ప్రైవేటు ట్యూటరు ఒకటి. జీతం చేతికిస్తామని ఎవరైనా అంటే ఈ మాట గుర్తుంచుకోండి.

విజిట్ వీసా మీద పనిలో చేరడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. అది అక్కడ నేరం. అలా పనిచేయించుకున్న యజమానులకు లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా వేసేలా 2024లో చట్టాన్ని కఠినం చేశారు. ఆ జరిమానా యజమానికి పడేదే అయినా, సరైన వీసా లేని మనిషి ఫిర్యాదు చేయడానికి కూడా జంకుతుంది. ‘నచ్చాక మారుస్తాం’ అనేవారికి కావలసినది ఆ జంకే.

ఏజెంటు విషయంలో ఒక చిక్కు ఉంది, దీన్ని చదువుకున్నవాళ్లే ఎక్కువగా గమనించరు. గల్ఫ్ దేశాలతో సహా కొన్ని దేశాలకు పదో తరగతి కూడా చదవనివారు ఉద్యోగానికి వెళ్లాలంటే, వాళ్ల ఒప్పందాన్ని మన ప్రభుత్వ అధికారి చూసి అనుమతి ఇవ్వాలి. పది పాసైనవారి పాస్‌పోర్టుకు ఆ అనుమతి అక్కరలేదు. అంటే మీ ఎం.ఏ. వల్ల మీకు దక్కిన సౌకర్యం ఏమిటంటే, విమానం ఎక్కేలోపు మీ ఒప్పందాన్ని ప్రభుత్వం తరఫున ఎవరూ చదవరు. ఆ చదవడమేదో మీరే చదవాలి. విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ ఏజెంటుకు రిజిస్ట్రేషను ఉందో లేదో చూడండి. మీలాంటివారు తమ ఉద్యోగ వివరాలను స్వచ్ఛందంగా అక్కడ నమోదు చేసుకునే వీలు కూడా ఉంది. మన దేశ నిబంధనల ప్రకారం రిజిస్టరైన ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. 1,20,000 అడిగినవాడిని ఆ మొత్తానికీ రసీదు ఇస్తావా అని అడిగి చూడండి.

ఆరు నెలల్లో ఇంగ్లండు పిల్లల్లాగా మాట్లాడాలన్న కోరికను కూడా లెక్కలోనే చూద్దాం. భాషా సామర్థ్యాన్ని యూరప్‌లో ఆరు మెట్లుగా విభజించారు. అందులో ఒక మెట్టు నుంచి పైమెట్టుకు చేరడానికి టీచరు దగ్గర సుమారు 200 గంటల నేర్పు కావాలని కేంబ్రిడ్జి పరీక్షల వారి అంచనా. వారానికి ఐదు రోజులు రోజుకు గంటన్నర చొప్పున చెబితే ఆరు నెలలకు 195 గంటలవుతుంది. అంటే మీరు అద్భుతంగా చెప్పి, ఆ అబ్బాయి శ్రద్ధగా విన్నా ఎక్కేది ఒక్క మెట్టు. పదిహేనున్నర గంటలు వెంట ఉంటే పదిరెట్లు వస్తుందన్నది భ్రమ. నిద్రకళ్లతో పళ్లు తోముకునే పిల్లవాడికి ఇంగ్లీషులో ఎంత చెప్పినా ఎక్కేది తక్కువే. కాబట్టి ఒప్పందంలో ఫలితానికి హామీ రాయకండి, గంటలు రాయించండి. ఆరు నెలలకు పెద్దబ్బాయి తన వయసు పుస్తకంలో ఒక పేజీ తనంతట చదివి, అందులో ఏముందో తన మాటల్లో చెప్పగలడని మాటగా చెప్పవచ్చు, అది జరిగే పని. యాస విషయంలో మీరు నటించవలసిన అవసరం లేదు. అరగంట డెమో పాఠం వీడియోలో చెప్పండి. విన్నాక కూడా బ్రిటిష్ యాసే కావాలంటే బ్రిటన్ మనిషిని బ్రిటన్ జీతానికి పెట్టుకోమనండి.

సర్టిఫికెట్లకు రాష్ట్రంలో, ఢిల్లీలో విదేశాంగ శాఖలో, ఆ తర్వాత యూఏఈ ఎంబసీలో ముద్రలు వేయించుకోవలసి రావచ్చు. ఆ ముద్రలు పడిన ఒరిజినల్స్ చూపించి, జిరాక్సులు ఇవ్వండి. పాస్‌పోర్టు అయితే భారత ప్రభుత్వ ఆస్తి, దాన్ని యజమాని బీరువాలో దాచే హక్కు ఎవరికీ లేదు.

పని వీసా ముందుగా పంపి, రోజుకు ఎనిమిది గంటలకు మించకుండా గంటలు రాసి, మొదటి నెల నుంచి జీతం ఇస్తామంటే ఆలోచించండి. లేకుంటే మీ అర్హతలకు అక్కడి స్కూళ్లలో ప్రయత్నించడం మేలు. స్కూలు టీచర్లు బయట ట్యూషను చెప్పుకోవడానికి రెండేళ్లు చెల్లే ఉచిత పర్మిటును యూఏఈ ప్రభుత్వం 2023 డిసెంబరులో ప్రవేశపెట్టింది కూడా.

ప్రశ్న: డిగ్రీ పూర్తి చేసి అనంతపురంలో ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో విదేశీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పాలనుకుంటున్నాను. ఒక కంపెనీ 25 నిమిషాల క్లాసుకు 150 రూపాయలు ఇస్తామంటోంది. ముందు పది డెమో క్లాసులు ఉచితంగా చెప్పాలి. పిల్లలు రాకపోతే డబ్బు లేదు, నేను రాకపోతే మూడు క్లాసుల డబ్బు కోత. భారతీయ యాస వినిపించకూడదని, ఇంగ్లీషు పేరు పెట్టుకుని, ఊరు అడిగితే లండన్ అని చెప్పమని అంటున్నారు. ఇవన్నీ మామూలేనా? – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మామూలే గాని సమ్మతించవలసినవి కావు. 25 నిమిషాల క్లాసుకు ముందు స్లయిడ్లు చూసుకోవడానికి పది నిమిషాలు, తర్వాత తల్లిదండ్రులకు రిపోర్టు రాయడానికి పది నిమిషాలు పడుతుంది కాబట్టి మీకు 150 రూపాయలు ఇచ్చేది ముప్పావు గంటకు. డెమో ఒకటి చెప్పండి, మరీ పట్టుబడితే రెండు. పది డెమోలంటే పది మంది పిల్లలకు ఊరికే పాఠం చెప్పించుకోవడమే. కరెంటు పోయి మీరు రాలేకపోతే కోత పెట్టేవారు, పిల్లవాడు రాకపోయినా మీరు తెర ముందు కూర్చున్న సమయానికి సగమైనా ఇవ్వాలని అడగండి. ఇన్వర్టరు పెట్టుకోవడం, రెండో నెట్ కనెక్షను ఉంచుకోవడం మాత్రం మీ బాధ్యతే.

ఊరు లండన్ అని చెప్పమనడం అవతలి తల్లిదండ్రులను మోసం చేయమనడమే, ఆ కంపెనీతో అక్కడే మాట ముగించండి. ఈ యాస పిచ్చికి మూలం కొంతవరకు ఆయా దేశాల నిబంధనల్లోనే ఉంది. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు టీచరు వీసా ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకు ఉద్దేశించినది. చైనాలో పిల్లలకు ఆన్‌లైన్ ఇంగ్లీషు చెప్పించే వ్యాపారం ఒకప్పుడు చాలా పెద్దది. 2021 జూలైలో అక్కడి ప్రభుత్వం స్కూలు పాఠాల ట్యూషన్లను లాభాపేక్షతో నడపడాన్ని ఆపి, చైనా బయట ఉండే విదేశీయులతో పాఠాలు చెప్పించడాన్ని నిషేధించింది. ఇప్పటికీ చైనా పిల్లలున్నారని చెప్పే కంపెనీ అయితే, అది ఏ దారిన నడుస్తోందో, రేపు మూతపడితే మీ బకాయి ఎవరిస్తారో ముందే అడగండి. నెలాఖరుకు కాక వారం వారం చెల్లించే చోట మొదలుపెట్టడం క్షేమం.

ప్రశ్న: మాది కడప. బీఏ చదివిన మా అమ్మాయికి 23 ఏళ్లు. కువైట్‌లో ఒక ఇంట్లో నలుగురు పిల్లలకు, వాళ్ల తల్లికి ఇంగ్లీషు నేర్పాలని, మూడు నెలల్లో అందరూ గడగడా మాట్లాడాలని అడుగుతున్నారు. టీచరు వీసానే ఇస్తామని ఏజెంటు అంటున్నాడు, కానీ మా తోడల్లుడు అది ఖాదిం వీసా అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? – ఒక తండ్రి, కడప

జవాబు: ఇద్దరి మాటా నమ్మకండి, వీసా కాగితం నమ్మండి. కువైట్‌లో 18వ ఆర్టికల్ కింద వచ్చేది ప్రైవేటు సంస్థల్లో ఉద్యోగం, 20వ ఆర్టికల్ కింద వచ్చేది ఇంటి పని, అదే మన వైపు ఖాదిం వీసా అని పిలిచేది. ఒక ఇంటివారు తమ ఇంట్లో పనికి పిలుస్తున్నారంటే అది 20 కావడానికే అవకాశం ఎక్కువ, అందువల్ల మీ తోడల్లుడి అనుమానంలో పస ఉంది. ఆ వీసా మీద వెళ్లిన మనిషిని ట్యూటరమ్మా అని పిలిచినా, వంటమనిషి సెలవు పెట్టిన రోజున వంటింట్లోకి వెళ్లమంటే కాదనడానికి చేతిలో కాగితం ఉండదు. ఇంటి పనివారి కోసం కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదని, వారానికొక సెలవు ఇవ్వాలని, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదని చెబుతుంది. ఇవి కనీస హక్కులు. ట్యూటరు ఉద్యోగానికి కొలతగా వీటిని తీసుకోకండి.

మూడు నెలల్లో ఐదుగురికి గడగడా మాట్లాడడం నేర్పమనేవారికి మీ ఊరి ఉదాహరణే చెప్పండి. 1817లో మద్రాసులో దిగి, 1820లో కడపలో ఉద్యోగానికి చేరి, పండితులను కూర్చోబెట్టుకుని తెలుగు నేర్చిన సి.పి. బ్రౌన్, వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించింది 1829లో. ఆయనకు చదువు మీద ఉన్నంత పట్టుదల ఆ నలుగురు పిల్లలకు ఉంటుందని ఎవరూ ఆశించరాదు. తల్లికి వేరుగా, పిల్లలకు వయసును బట్టి రెండు జట్లుగా పాఠాలు చెప్పాలి కాబట్టి, రోజుకు ఎన్ని గంటలో, ఎవరికి ఎంతసేపో వాళ్ల చేతనే రాయించండి. రాయడానికి ఇష్టపడకపోతే వాళ్లకు కావలసినది టీచరు కాదని మీకు తెలిసిపోతుంది.

విదేశాలకు వెళ్లేవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 1800 11 3090 అనే ఉచిత నంబరు ఉంది. రాష్ట్ర ప్రభుత్వం తరఫున ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్ఆర్టీ సొసైటీ పనిచేస్తోంది. ఏజెంటు పేరు, లైసెన్సు నంబరు ఈ రెండు చోట్లా చెప్పి విచారించండి. వీసా కాపీ చేతికి రాకముందు డబ్బు కట్టకండి, అది వచ్చాక అందులో వృత్తి అన్నచోట అరబిక్‌లో ఏమి రాసి ఉందో కడపలోనే అరబిక్ చదవగలిగినవారి చేత చదివించుకోండి.